కారు బుక్ చేసి నెలలైనా రాలేదా? ఆగాలా.. క్యాన్సిల్ చేయాలా? లెక్క ఇలా వేసుకోండి

షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు చెప్పింది పది వారాలు. ఇప్పటికి ఇరవై వారాలైంది. ఫోన్ చేస్తే "ఈ నెలాఖరుకు వచ్చేస్తుంది సార్" అంటాడు. నెలాఖరు వస్తుంది.. కారు మాత్రం రాదు. శ్రావణంలో తెచ్చుకుందాం అనుకున్నది దసరాకు జరిగింది, ఇప్పుడు సంక్రాంతి అంటున్నారు. పక్కింటాయనేమో వేరే కంపెనీ కారు వారంలో తెచ్చుకుని తిరిగేస్తున్నాడు.

మరి మనం ఏం చేయాలి? ఇంకా ఆగాలా? బుకింగ్ క్యాన్సిల్ చేసి దొరికిందేదో తెచ్చుకోవాలా? చాలామంది దీన్ని ఓపికకు సంబంధించిన విషయం అనుకుంటారు. నిజానికి ఇది లెక్కకు సంబంధించిన విషయం. ఆగడానికీ ఒక ధర ఉంటుంది. ఆ ధర ఎంతో తెలిస్తే నిర్ణయం సగం తేలిపోయినట్టే.

అసలు ఆలస్యం ఎందుకు?

ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ఎందుకంటే ఆలస్యాలన్నీ ఒక్కటి కావు.

మొదటిది విడిభాగాల కొరత. 2021లో చిప్‌లు దొరక్క ప్రపంచమంతా కార్ల ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. మన దేశంలో 2022-23లో మారుతీ ఒక్క కంపెనీ దగ్గరే పెండింగ్ ఆర్డర్లు 3 లక్షలు దాటాయి. ఆ తర్వాత 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల రేర్ ఎర్త్ లోహాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. కారు మోటార్లలో వాడే మాగ్నెట్లకు కటకట వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో నెక్స్‌పీరియా కంపెనీ చిప్‌ల గొడవతో విదేశాల్లో కొన్ని ఫ్యాక్టరీలు మళ్లీ ఉత్పత్తి తగ్గించుకున్నాయి. ఇలాంటి కొరత ఎప్పుడు తీరుతుందో షోరూమ్ వాళ్లకే కాదు, చాలాసార్లు కంపెనీకీ తెలియదు.

రెండోది క్యూ. మహీంద్రా ఎక్స్‌యూవీ700కు 2021 అక్టోబర్‌లో 57 నిమిషాల్లోనే 25 వేల బుకింగ్‌లు పడ్డాయి. 2022 జులైలో స్కార్పియో-ఎన్‌కు అరగంటలో లక్ష. 2024 అక్టోబర్‌లో థార్ రాక్స్‌కు మొదటి గంటలోనే లక్షా 76 వేలు. కార్లేమో నెలకు వేలల్లోనే తయారవుతాయి కదా! టయోటా అయితే ఇన్నోవా హైక్రాస్ టాప్ వేరియంట్ల బుకింగ్‌లనే 2023లో కొంతకాలం ఆపేసింది.

క్యూలో ఇంకో విషయం ఉంది. బుకింగ్ డబ్బు తిరిగి వచ్చే చోట కొందరు రెండు మూడు షోరూమ్‌లలో, రెండు మూడు మోడళ్లు బుక్ చేసి పెట్టుకుంటారు. ఏదో ఒకటి రాగానే మిగతావి వదిలేస్తారు. అందుకే మొదట ఏడాది అన్న వెయిటింగ్ ఒక్కోసారి ఏడెనిమిది నెలలకే తీరిపోతుంది. అంటే కొరత వల్ల వచ్చే ఆలస్యం సాగుతూ పోవచ్చు. క్యూ వల్ల వచ్చే ఆలస్యం మాత్రం చాలాసార్లు తగ్గుతూ వస్తుంది.

మూడోది షోరూమ్ స్థాయిలో జరిగేది. మీ తర్వాత బుక్ చేసినవాళ్లకు అదే వేరియంట్, అదే రంగు ముందే వెళ్లిపోయిందా? అయితే ఆలస్యం ఫ్యాక్టరీది కాదు, షోరూమ్‌ది. యాక్సెసరీస్ ప్యాకేజీ, ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలి అని మెలిక పెడుతున్నారేమో చూడండి. ఇన్సూరెన్స్ మీకు ఇష్టమైన కంపెనీలో తీసుకునే హక్కు మీదే.

బుక్ చేసిన రోజు ధరా? డెలివరీ రోజు ధరా?

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది.. డెలివరీ నాటికి ఉన్న ధరే వర్తిస్తుందని. కంపెనీలు జనవరిలోనో ఏప్రిల్‌లోనో ధర పెంచడం మామూలే. ఆరు నెలలు ఆగితే ఒక పెంపు మీ నెత్తిన పడే అవకాశం ఎక్కువ.

ధర పెరిగితే అక్కడితో ఆగదు. లైఫ్ ట్యాక్స్ కారు ధర మీదే లెక్కకడతారు. ఇన్సూరెన్స్ కూడా అంతే. పైగా లైఫ్ ట్యాక్స్‌కు స్లాబులున్నాయి. తొమ్మిది లక్షల తొంభై వేల కారు ధర పెరిగి పది లక్షలు దాటిందనుకోండి.. పైన ఉన్న ఆ కొంచెం మీద కాదు, మొత్తం ధర మీద ఎక్కువ శాతం పడుతుంది. మీ కారు ధర ఏ స్లాబు అంచున ఉందో ఆర్‌టీఏ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

లోన్ సంగతీ ఇంతే. బ్యాంకు ఇచ్చిన శాంక్షన్ లెటర్‌కు గడువు ఉంటుంది. అది దాటితే మళ్లీ మొదటికే. వడ్డీ రేటు కూడా సాధారణంగా డబ్బు విడుదలైన రోజుదే. ఇది ఒక్కోసారి మేలే చేస్తుంది. 2025లో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును 6.5 శాతం నుంచి 5.25 శాతానికి తెచ్చింది. ఆ ఏడాది కారు ఆలస్యమైన వాళ్లలో కొందరికి ఈఎంఐ తగ్గింది. రేట్లు పెరిగే కాలంలో మాత్రం ఇదే తిరగబడుతుంది.

ఆగినవాళ్లు గెలిచిన సందర్భం

2025 సెప్టెంబర్ ఎవరూ మర్చిపోలేరు. పంద్రాగస్టు ప్రసంగంలో ప్రధాని జీఎస్టీ మార్పులు వస్తున్నాయని చెప్పారు. సెప్టెంబర్ 3న కౌన్సిల్ నిర్ణయం తీసుకుంది. 22 నుంచి కొత్త రేట్లు వచ్చాయి. చిన్న పెట్రోల్ కార్లపై సెస్‌తో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18కి దిగింది. పెద్ద ఎస్‌యూవీలపై 50 శాతం దాకా ఉన్నది 40కి వచ్చింది.

పన్నుకు ముందు ధర 6 లక్షలున్న చిన్న కారే తీసుకోండి. పాత లెక్కలో 7 లక్షల 74 వేలు. కొత్త లెక్కలో 7 లక్షల 8 వేలు. తేడా 66 వేలు. ఇక్కడ లెక్కలోకి వచ్చింది బుకింగ్ తేదీ కాదు, ఇన్వాయిస్ తేదీ. జులైలో బుక్ చేసి, కారు రాలేదని తిట్టుకుంటూ కూర్చున్నవాళ్లకు సెప్టెంబర్ 22 తర్వాత బిల్లు పడితే ఆ 66 వేలు మిగిలాయి. ఆగస్టు మొదట్లో పోరి మరీ డెలివరీ తీసుకున్నవాళ్లకు పోయాయి.

అలాగని ఎప్పుడూ ఏదో ఒకటి తగ్గుతుందని కూర్చోవడం తెలివైన పని కాదు. అలాంటి మార్పు ఏళ్లకోసారి వస్తుంది. ధరల పెంపు ఏటా వస్తుంది.

ఎక్స్‌యూవీ700 ఇంకో పాఠం నేర్పింది. మొదట్లో టాప్ వేరియంట్లకు ఏడాదికి పైగా వెయిటింగ్. 2024 జులై నాటికి ఉత్పత్తి పెరిగింది, క్యూ కరిగింది. కంపెనీయే ఏఎక్స్7 వేరియంట్ల ధరను నాలుగు నెలల పాటు తగ్గించి 19.49 లక్షల నుంచి అమ్మింది. 2026 జనవరిలో అదే కారు ఎక్స్‌యూవీ 7ఎక్స్‌ఓ అని కొత్త ముఖంతో వచ్చేసింది. అంటే మనం క్యూలో నిలబడింది కొత్త కారు కోసమే అయినా, మన వంతు వచ్చేసరికి అది పాత మోడల్ కావచ్చు. మీ వెయిటింగ్ ఏడాది దాటేలా ఉంటే, ఆ మోడల్ వచ్చి ఎన్నేళ్లయిందో చూడండి. మూడు నాలుగేళ్లు అయి ఉంటే ఫేస్‌లిఫ్ట్ దగ్గర్లో ఉండొచ్చు.

తెలంగాణలో ఈవీ బుక్ చేసినవాళ్లకు హెచ్చరిక

తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2024 నవంబర్ 18 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వం చెప్పిన గడువు 2026 డిసెంబర్ 31. పది లక్షలు దాటిన కారుకు ఈ మినహాయింపు విలువ లక్షన్నరకు పైమాటే. పొడిగింపు రాకపోతే, జనవరిలో రిజిస్టర్ అయ్యే కారుకు ఆ డబ్బు జేబులోంచి పెట్టుకోవాలి. కాబట్టి ఈవీ బుక్ చేసి ఆగుతున్నవాళ్లు షోరూమ్ వాళ్లను అడగాల్సింది కారు ఎప్పుడొస్తుందని మాత్రమే కాదు.. డిసెంబర్‌లోపు రిజిస్ట్రేషన్ అవుతుందా అని.

ఇక లెక్క వేద్దాం

ఊరికే ఒక ఉదాహరణ. మీరు బుక్ చేసిన కారు 15 లక్షలు. ఇంకో ఆరు నెలలు పడుతుందన్నారు.

ధర 2 శాతం పెరిగితే 30 వేలు. దాని మీద పన్ను, ఇన్సూరెన్స్ కలిపితే 35 వేలు అనుకుందాం. ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వాల్సిన పాత కారుకు ఇవాళ 3 లక్షలు వస్తుంటే, ఆరు నెలల తర్వాత 2 లక్షల 75 వేలే రావచ్చు. 25 వేలు పోయినట్టు. ఈలోగా పాత కారుకు క్లచ్, టైర్లు అంటూ ఇంకో 20 వేలు. మొత్తం 80 వేలు.

రెండో వైపూ చూడాలి. డౌన్ పేమెంట్‌కు దాచిన 5 లక్షలు ఎఫ్‌డీలో ఉంటే, ఆరున్నర శాతం చొప్పున ఆరు నెలలకు 16 వేల దాకా వడ్డీ వస్తుంది. అది తీసేస్తే 64 వేలు. మీరు రెండో ఆప్షన్‌గా అనుకున్న కారు వెంటనే దొరుకుతూ, దాని మీద 40 వేల డిస్కౌంట్ కూడా ఉందనుకోండి. అప్పుడు తేడా లక్ష దాటింది.

అంటే మనసుకు నచ్చిన కారు కోసం మీరు అదనంగా పెడుతున్నది లక్ష రూపాయలు. ఇది ఎక్కువా, తక్కువా? కారును పదేళ్లు వాడే ఇల్లయితే నెలకు 830 రూపాయల చిల్లర. రోజూ ఇష్టంగా నడుపుకునే కారుకు అది పెద్ద మొత్తమేం కాదు. నాలుగేళ్లకోసారి కారు మార్చే అలవాటుంటే మాత్రం నెలకు రెండు వేలు దాటుతుంది. అప్పుడు ఆలోచించాల్సిందే.

మీ అంకెలు వేరుగా ఉంటాయి. పద్ధతి మాత్రం ఇదే.

ఎవరు ఆగొచ్చు? ఎవరు ఆగకూడదు?

ఇంట్లో నడిచే కారు ఒకటి ఉంది, కొత్తది పదేళ్లు వాడతారు, ఆలస్యం క్యూ వల్లే అయితే ఆగొచ్చు. ఆ కారులో మాత్రమే ఉన్న అవసరం ఏదైనా ఉన్నా.. ఏడుగురు పట్టే సీట్లు, ఆటోమేటిక్ గేర్, హైబ్రిడ్ మైలేజీ లాంటివి.. ఆగడంలో అర్థముంది. వేరియంట్ ఒక మెట్టు దిగినా, రంగు మార్చినా కారు త్వరగా వస్తుందేమో కూడా అడగండి. సన్‌రూఫ్ కోసం నాలుగు నెలలు ఆగేవాళ్లలో చాలామంది దాన్ని తెరిచేది ఏడాదికి నాలుగు సార్లే.

ఇంట్లో నిండు గర్భిణి ఉన్నా, నాన్నగారిని వారానికి మూడు సార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లాల్సి ఉన్నా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టేయండి. కారు కావాల్సింది ఇప్పుడు. ఆరు నెలల తర్వాత వచ్చే మంచి కారు కన్నా ఇవాళ ఇంటి ముందున్న మామూలు కారే మేలు.

ఏడాది చివర్లో డెలివరీ వస్తే ఒక జాగ్రత్త. ఆర్‌సీలో కారు తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రేపు అమ్మేటప్పుడు బేరం వాటి మీదే నడుస్తుంది. నెలల తరబడి ఆగినవాళ్లకు యార్డులో నిలిచిన పాత స్టాక్ అంటగట్టే ప్రయత్నం జరిగితే ఒప్పుకోవద్దు, ఒప్పుకుంటే తగిన డిస్కౌంట్ అడగాలి.

క్యాన్సిల్ చేస్తే డబ్బు వస్తుందా?

ఫారంలో ఏం రాశారన్నది ముఖ్యం. కొన్ని చోట్ల మొత్తం తిరిగిస్తారు, కొన్ని చోట్ల కొంత కోస్తారు. ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. క్యాన్సిల్ చేస్తున్నట్టు మెయిల్ పెట్టండి. బుకింగ్ రసీదు, డెలివరీ తేదీ గురించి వాట్సాప్‌లో వాళ్లు పంపిన మెసేజ్‌లు దాచుకోండి. "వచ్చేస్తుంది సార్" అన్న నోటి మాటకు ఎక్కడా విలువ లేదు, రాతకే విలువ.

డబ్బు ఇవ్వకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉన్న కేసులు అక్కడే వేయొచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు.

చివరిగా ఒక్క మాట

ఇవాళే మూడు పనులు చేయండి. కంపెనీ సిస్టమ్‌లో మీ బుకింగ్ నంబరు నిజంగా ఉందో లేదో కనుక్కోండి. మీ వేరియంట్, మీ రంగులో మీకన్నా ముందు ఎంతమంది ఉన్నారో అడగండి. డెలివరీ అంచనా తేదీని మెయిల్‌లో రాసి ఇవ్వమనండి.

ఆ తర్వాత ఇంట్లో అందరూ కూర్చుని ఒక తేదీ అనుకోండి. అది షోరూమ్ వాళ్లు చెప్పే తేదీ కాదు, మీరు పెట్టుకునే తేదీ. ఆ రోజుకి కారు నంబరుతో సహా అలాట్ కాకపోతే రెండో కారు వైపు వెళ్లిపోవడమే. ఇలా ముందే అనుకోకపోతే ఏమవుతుందంటే.. ఇన్నాళ్లు ఆగాం కదా, ఇంకో నెల చూద్దాం అంటూ నెలలు దొర్లిపోతాయి. ఇప్పటికే ఆగిన నెలలు ఎలాగూ తిరిగి రావు. లెక్కలో వేసుకోవాల్సింది ఇంకా ఆగాల్సిన నెలలనే.