బస్తర్‌లో ‘రిక్రూట్‌మెంట్’ అంటే ఏమిటి?

ఎంపికైన కుర్రాడు రెజిమెంటల్ సెంటర్ గేటు దాటగానే సిపాయి అయిపోడు. నెలల తరబడి శిక్షణ పొంది, కసమ్ పరేడ్‌లో జాతీయ పతాకం సాక్షిగా ప్రమాణం చేసేదాకా అతన్ని ‘రిక్రూట్’ అనే పిలుస్తాం. అంతవరకూ యుద్ధానికి పంపం. ప్రమాణం చేసేది అతనే అయినా, ఆ రోజు నుంచి ప్రభుత్వం కూడా అతనికి బాకీ పడుతుంది. జీతం, వైద్యం, అతను నేలకొరిగితే కుటుంబ పోషణ అన్నీ అందులో భాగమే. సైన్యంలో నేను నేర్చుకున్న రిక్రూట్‌మెంట్ ఇది.

లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చిన ఈ మాటకు మూలార్థం ‘తిరిగి పెరగడం’. మనం దాన్ని ‘భర్తీ’ అంటున్నాం. అంటే ఖాళీని నింపడం. పెంచడానికీ నింపడానికీ ఉన్న తేడా ఏమిటో బస్తర్ ఆదివాసీ యువతకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్ పల్లెల్లో తటస్థంగా ఉండటం కష్టమైంది. మావోయిస్టులు దళాల్లోకి రిక్రూట్‌మెంట్ చేసుకున్నారు, పిల్లలను సైతం వదల్లేదు. ప్రభుత్వమేమో అవే పల్లెల నుంచి యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా, అంటే ఎస్పీవోలుగా తీసుకుంది. ఐదో తరగతి చదివితే చాలు. శిక్షణ రెండు నెలలు. 2011 నాటికి వారి గౌరవ భృతి నెలకు రూ.3,000, సంఖ్య 6,500. నేర చట్టాలు, మానవ హక్కులు, ఫోరెన్సిక్ పద్ధతులు కూడా ఆ రెండు నెలల్లోనే నేర్పామని రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పుకుంది. శిక్షణ విలువ తెలిసిన ఏ సైనికాధికారీ ఆ మాట నమ్మడు.

2011 జులై 5న మన తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం ఈ పద్ధతి రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని తేల్చింది. ఆ తీర్పు భద్రతా దళాల చేతులు కట్టేసిందని కొందరు ఇప్పటికీ విమర్శిస్తున్నారు. నేను ఏకీభవించను. స్థానికులను పోలీసు బలగాల్లోకి తీసుకోవద్దని కోర్టు అనలేదు. అరకొర చదువు, అరకొర శిక్షణ, తాత్కాలిక భృతితో గిరిజన యువకులను మావోయిస్టుల తుపాకులకు ఎదురు నిలబెట్టవద్దని చెప్పింది.

స్థానికుల అవసరాన్ని నేను కాదనను. గోండి, హల్బీ మాట్లాడేవాడు, వాగులూ వంకలూ ఎరిగినవాడు ఒక్కడున్నా బయటి నుంచి వచ్చిన దళానికి ఎంతో మేలు. అయితే దానికి సరైన దారి ఉంది. సీఆర్పీఎఫ్ 241వ బెటాలియన్, అంటే ‘బస్తరియా బెటాలియన్’, అలాంటిదే. 2018 మే 21న అంబికాపూర్‌లో 534 మంది శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. వారిలో సుమారు మూడో వంతు మహిళలు. 2022లో కేంద్ర మంత్రివర్గం బీజాపూర్, దంతేవాడ, సుక్మా జిల్లాల నుంచి 400 మంది కానిస్టేబుళ్ల ఎంపికకు విద్యార్హతను పదో తరగతి నుంచి ఎనిమిదికి తగ్గించింది. చేరాక వారిని పదో తరగతి చదివించే బాధ్యత సీఆర్పీఎఫ్‌కు అప్పగించింది. అర్హత తగ్గించి ఊరుకోలేదు, మనిషిని పెంచే పని నెత్తికెత్తుకుంది. రిక్రూట్‌మెంట్ అంటే అదీ!

ఇప్పుడు అసలు పరీక్ష ముందుంది. 2026 మార్చి 31కల్లా మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. ఈ పోరులో ముందు వరుసలో నిలిచింది డీఆర్జీ దళాలు. వాటిలో స్థానిక యువకులతో పాటు లొంగిపోయిన మాజీ మావోయిస్టులూ ఉన్నారు. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లాలో మందుపాతర పేలి మరణించిన ఎనిమిది మంది జవాన్లలో ఐదుగురు అలా లొంగివచ్చినవారే.

తుపాకులు మౌనం వహించాక వీరి సంగతేమిటి? ఏ ఊరి మీదికి దళాన్ని నడిపించారో ఆ ఊళ్లోనే వారు రేపు బతకాలి. మిగతా పోలీసులతో సమానంగా పదోన్నతులు, ఆగిన చదువు కొనసాగించే వీలు, కోరుకున్నవారికి బస్తర్ బయట పోస్టింగు, కుటుంబానికి రక్షణ ఇవన్నీ ఇప్పుడే రాతపూర్వకంగా ఖరారు కావాలి. అవసరం తీరాక మరచిపోతే, మనం చేసింది ఖాళీల భర్తీయే అవుతుంది. అలా మోసపోయామనుకున్న యువకుడి కోసం రేపు మరెవరో రిక్రూట్‌మెంట్ మొదలుపెడతారు.

(వ్యాసకర్త విశ్రాంత సైనికాధికారి)