తొక్కిన కొద్దీ దిగబడుతుంది

సముద్రం ఒడ్డున ఇసుకలో కారు దిగబడితే చాలు, చుట్టూ పది మంది పోగవుతారు. పది మందిదీ ఒకే సలహా: ఇంకా గట్టిగా తొక్కండి. ఆ మాట విన్న డ్రైవర్ రెండు నిమిషాల్లో కారును ఇరుసుల దాకా పాతిపెడతాడు. వెనక తలుపు మీద ‘ఆల్ వీల్ డ్రైవ్’ అనే అక్షరాలు మెరుస్తుంటే ఈ పని ఇంకా త్వరగా పూర్తవుతుంది. ఆ అక్షరాల కోసం అదనంగా డబ్బు పోసిన యజమాని, కారు తన దారి తానే చూసుకుంటుందన్న ధీమాతో యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయడు.

ఆ ధీమాలో సగం నిజం లేకపోలేదు. కాకపోతే మన రోడ్ల మీద ‘ఫోర్ వీల్ డ్రైవ్’ అనే పేరుతో రెండు వేర్వేరు వ్యవస్థలు చలామణీ అవుతున్నాయి. 1985లో వచ్చిన మారుతి జిప్సీ, 2020 నాటి కొత్త మహీంద్రా థార్, 2023లో వచ్చిన జిమ్నీ ఒక కోవకు చెందుతాయి. వీటిలో డ్రైవర్ లీవర్ లాగితే ముందు ఇరుసు, వెనక ఇరుసు గట్టిగా ముడిపడతాయి. నిదానంగా, బలంగా లాగడానికి ‘లో రేంజ్’ గేరు కూడా ఉంటుంది. రెండో కోవ ఆటోమేటిక్. 2000ల దశకంలో హోండా సీఆర్-వీ, 2014లో రెనో డస్టర్, 2022లో మారుతి గ్రాండ్ విటారా మన కొనుగోలుదారులకు అలవాటు చేసినది ఇదే. ఈ కార్లు మామూలుగా ముందు చక్రాలతోనే నడుస్తాయి. ఆ చక్రాలు జారితే, వెనక ఇరుసుకు వెళ్లే దారిలో ఉన్న క్లచ్ పలకలు బిగుసుకుని కొంత శక్తిని వెనక్కి పంపుతాయి.

తిరకాసు అక్కడే ఉంది. చాలావరకు ఈ ఏర్పాటు చక్రం జారాకే మేలుకొంటుంది. వానకు తడిసిన తారు రోడ్డు మీద ఆ క్షణకాలపు ఆలస్యం ఎవరికీ తెలియదు. పొడి ఇసుకలో మాత్రం చక్రం ఒక్క చుట్టు ఊరికే తిరిగితే చాలు, కింద గొయ్యి పడుతుంది. అందుకే ఇలాంటి చాలా కార్లలో ‘లాక్’ అనే మీట ఉంటుంది. అది వేస్తే తక్కువ వేగంలో క్లచ్ ముందుగానే బిగుసుకుని ముందు, వెనక చక్రాలు కలిసి లాగుతాయి. దాన్ని ఇసుకలోకి దిగకముందే వేయాలి. మనవాళ్లలో ఎక్కువమంది దిగబడ్డాక డ్యాష్‌బోర్డు అరలోంచి మాన్యువల్ తీసి దాని సంగతి చదువుకుంటారు.

లాక్ వేసినంత మాత్రాన అన్ని కష్టాలూ తీరవు. ఒకే ఇరుసుకు అటూ ఇటూ ఉన్న చక్రాల మధ్య డిఫరెన్షియల్ ఉంటుంది. తేలిగ్గా తిరిగే చక్రానికి ఎంత బలం పడుతుందో రెండోదానికీ అంతే అందడం దాని స్వభావం. ఎగుడుదిగుడు నేల మీద ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గాల్లోకి లేచాయంటే నేల మీద ఉన్న మిగతా రెండూ ఉన్నా లేనట్టే. ఇక్కడే కంప్యూటర్ ఆదుకుంటుంది. ఊరికే తిరుగుతున్న చక్రానికి తానే బ్రేకు వేసి, పట్టున్న చక్రానికి బలం మళ్లిస్తుంది. ఇదే ట్రాక్షన్ కంట్రోల్. అయితే అది ఇంకో పని కూడా చేస్తుంది: చక్రాలు జారగానే ఇంజన్ జోరు తగ్గిస్తుంది. రాళ్ల దారిలో మొదటి గుణం వరం. ఇసుకలో రెండోది శాపం, ఎందుకంటే ఊపు కావలసిన సమయంలోనే ఇంజన్ నీరసిస్తుంది. కాబట్టి లోతు ఇసుకలో ఆ బటన్ ఆపేయాలి. చక్రాలు గాల్లో వేలాడుతున్నప్పుడు దాని జోలికి పోకూడదు.

ఇక బయటపడే సంగతి. కారు ముందుకు కదలడం మానిన క్షణమే కాలు తీసి, దిగి, వంగి చూడాలి. కారు పొట్ట ఇసుకకు ఆనితే ఏ వ్యవస్థా పనిచేయదు, పార ఒక్కటే పనిచేస్తుంది. పొట్ట కింద, చక్రాల ముందూ వెనకా ఉన్న ఇసుక తోడేయాలి. తర్వాత టైర్లలో గాలి తీయాలి. మామూలుగా 33 పీఎస్ఐ ఉండేదాన్ని 18 దాకా తగ్గిస్తే టైరు పొడవుగా పరుచుకుని నేలను పట్టుకుంటుంది. పైసా ఖర్చులేని ఈ చిట్కా మిగతా అన్నిటికన్నా ఎక్కువ కార్లను గట్టెక్కించి ఉంటుంది. గాలి తక్కువున్న టైర్లతో మలుపులు గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదముంది. తారు రోడ్డెక్కే ముందు గాలి తిరిగి నింపాలి కనుక చిన్న కంప్రెసర్ వెంట ఉండాలి. స్టీరింగ్ నిటారుగా ఉంచి, వచ్చిన దారినే వెనక్కి నెమ్మదిగా పోనివ్వడం ఉత్తమం. అక్కడ ఇసుక అప్పటికే నలిగి గట్టిపడి ఉంటుంది.

రెండు మూడు ప్రయత్నాల తర్వాత మాడువాసన వచ్చినా, ఫోర్ వీల్ డ్రైవ్ దీపం వెలిగినా ఆగాల్సిందే. క్లచ్ పలకలు వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వ్యవస్థ వెనక చక్రాలను వదిలేస్తుంది. చేతిలో మిగిలేది ముందు చక్రాల బండి. అది చల్లారే దాకా టీ తాగడం కన్నా మంచి పని లేదు.

చివరికి పక్క ఊరి ట్రాక్టరే దిక్కవుతుంది. అసలు ప్రమాదం కూడా అప్పుడే మొదలవుతుంది. ఇనుప గొలుసు బంపర్‌కు కట్టి ఒక్క ఊపున లాగడం మన పద్ధతి. బంపర్ ఊడొస్తే అదృష్టం, గొలుసు తెగితే అది తూటాలా దూసుకొస్తుంది. ట్రైలర్ తగిలించే గుండుకు మోకు కట్టి లాగితే ఆ గుండు ఊడి ఆస్ట్రేలియాలో మనుషుల ప్రాణాలే పోయాయి. జాకీ, స్టెప్నీల దగ్గర కారుతోపాటు ఇచ్చిన కొక్కెం ఒకటి ఉంటుంది, బంపర్ మీది చిన్న మూత తీసి దాన్ని బిగించాలి. అది కూడా కుదుపులను తట్టుకోవడానికి చేసింది కాదు. ముందు తవ్వి, తర్వాత నిదానంగా లాగించాలి. జనాన్ని మోకు పొడవుకన్నా దూరంగా నిలబెట్టాలి. కారు చెడిపోయి గ్యారేజీకి తరలిస్తే రెండు చక్రాలు నేల మీద ఈడ్చకూడదు, మధ్యలోని క్లచ్ పాడవుతుంది. నాలుగు చక్రాలూ లారీ మీదే ఉండాలి.

నీళ్ల దగ్గర లెక్క మారుతుంది. 2024 జూన్‌లో గుజరాత్‌లోని ముంద్రా తీరంలో రెండు థార్‌లు సముద్రంలో ఇరుక్కుపోయాయి, పోలీసులు కేసు పెట్టారు. అవి మొదటి కోవ బళ్లు, అసలు సిసలు జీపులు. కానీ ప్రతి అలా చక్రాల కింది ఇసుకను కోసుకుపోతుంటే, పోటు ముంచుకొస్తుంటే ఏ లీవరూ ఆదుకోదు.

మంచు ఇంతకన్నా నిశ్శబ్దంగా చంపుతుంది. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ దారిలో మంచు చూడడానికి వెళ్లి కార్లలో చిక్కుకుపోయినవారిలో 20 మందికి పైగా మరణించారు. కొందరిని చలి బలితీసుకుంది, కొందరిని కార్బన్ మోనాక్సైడ్. వెచ్చదనం కోసం ఇంజన్ నడుపుతుంటే, మంచు మూసేసిన సైలెన్సర్ గొట్టం నుంచి పొగ లోపలికే వస్తుంది. దానికి వాసన ఉండదు. ఇప్పుడు అటల్ సొరంగం దాటి లాహౌల్ వైపు వెళ్లే కార్లలో తెలుగు కుటుంబాలూ ఉంటున్నాయి. మంచులో దిగబడితే మొదట తవ్వాల్సింది చక్రాల దగ్గర కాదు, ఆ గొట్టం చుట్టూ. ఇంజన్‌ను కాసేపు నడిపి, కాసేపు ఆపాలి. గాలి కొట్టని వైపు అద్దం వేలెడు దించి ఉంచాలి. కారును బయటికి తీసే పని ఆ తర్వాత.