ఆరోగ్య నిధుల దారి సాహెబ్‌నగర్ దాకా ఎందుకు రాదు?

2021 ఆగస్టులో ఎల్బీనగర్ పరిధిలోని సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు పారిశుధ్య కార్మికులు ప్రాణాలతో పైకి రాలేదు. మనుషుల్ని అలా దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. మురుగు గుంతల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలకు పెంచింది. చనిపోయాక ఇచ్చే సొమ్ముకు ఒక లెక్క ఉంది. బతికున్నప్పుడు ఆ కార్మికుడి ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూడడానికి ఏ పద్దు కింద డబ్బు వస్తుంది? ఆరోగ్య గ్రాంట్ల రాజకీయమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

డబ్బు లేదనే మాట నిజం కాదు. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వైపు వస్తే గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ స్థలం కనిపిస్తుంది. అక్కడ వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. దీంతోపాటు అల్వాల్, సనత్‌నగర్ ఆసుపత్రులకు కలిపి 2,679 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి ఖర్చు చేయాలని 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశమంతటికీ 70,051 కోట్ల గ్రాంట్లు సిఫారసు చేసింది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. మురుగు కార్మికుల కోసం కేంద్రం తెచ్చిన నమస్తే పథకంలో రక్షణ కిట్లు, ఆయుష్మాన్ కార్డు ఉన్నాయి.

ఇవన్నీ అవసరమే. అయితే బీమా కార్డు రోగం ముదిరి మంచం ఎక్కాక పనికొస్తుంది. రోగాన్ని ముందే వెతికి పట్టుకునే పని, ఫలానా బస్తీలో ఫలానా జబ్బు ఎందుకు ఎక్కువని తేల్చే పని బీమాతో జరగవు. వాటికి కావాల్సింది కార్యక్రమ గ్రాంట్లు, పరిశోధన గ్రాంట్లు. ఆ డబ్బుకు ప్రధానంగా మూడు ద్వారాలున్నాయి. మూడింటి దగ్గరా మనవాళ్లు బయటే ఆగిపోతున్నారు.

మొదటిది కార్పొరేట్ల సీఎస్‌ఆర్. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. ఆ పనుల జాబితాలో ఆరోగ్యం ఉంది, వెనకబడిన వర్గాల మీద అసమానతల తగ్గింపూ ఉంది. కానీ డబ్బు అందుకునే సంస్థకు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, సీఎస్‌ఆర్-1 నంబరు, మూడేళ్ల పని చరిత్ర ఉండాలి. ఆడిట్ చేయించుకోవాలి, ఇంగ్లీషులో ప్రపోజల్ రాయాలి. అంబేడ్కర్ యువజన సంఘం పేరుతో బస్తీలో రక్తదాన శిబిరం పెట్టే కుర్రాళ్ల దగ్గర ఇవేవీ ఉండవు.

రెండోది విదేశీ విరాళాలు. ఇంతకుముందు అనుమతి ఉన్న పెద్ద సంస్థ తనకొచ్చిన దానిలో కొంత అనుమతి ఉన్న చిన్న సంస్థకు ఇచ్చేది. 2020లో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణతో ఆ బదిలీ నిషిద్ధమైంది. పెద్ద కార్యాలయాన్నీ చిన్న బస్తీనీ కలిపే కాలువ అక్కడే పూడిపోయింది.

మూడోది పరిశోధన. జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది, సీసీఎంబీ హబ్సిగూడలో ఉంది. రెండూ ఎల్బీనగర్‌కు పెద్ద దూరం కాదు. దేశంలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ఐసీఎంఆర్ దగ్గర ‘చిన్న గ్రాంటు’ అంటేనే 2 కోట్ల రూపాయల వరకు. దానికి దరఖాస్తు పెట్టేది గుర్తింపు ఉన్న సంస్థలో ఉద్యోగం చేసే శాస్త్రవేత్త. ఏ ప్రశ్న మీద పరిశోధన జరగాలో నిర్ణయించేదీ ఆయనే. మురుగు తీసేవాళ్ల చర్మం, చెత్త బండి తోసే ఆడవాళ్ల నడుము, వాళ్ల గర్భసంచి ఆయన ప్రశ్నల్లోకి రావాలంటే ఆయనకు వాళ్లు కనిపించాలి.

కనిపించకపోతే ఏమవుతుందో ఒక అంకె చెబుతుంది. మన దేశంలో దళిత స్త్రీలు చనిపోయే సగటు వయసు పైకులాల స్త్రీల కంటే 14.6 ఏళ్లు తక్కువని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదికలో చెప్పింది. పారిశుధ్యం, మంచినీళ్లు, వైద్యం అందకపోవడాన్ని అందుకు కారణాలుగా చూపింది.

పరిశోధన కళ్లు మనవైపు తిరిగినంత మాత్రాన న్యాయం జరుగుతుందని కూడా అనుకోలేం. 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. గేట్స్ ఫౌండేషన్ నిధులతో పాత్ అనే అమెరికా సంస్థ ఆ ప్రాజెక్టు నడిపింది. బాలికల్లో చాలామంది ఆదివాసీ హాస్టళ్ల పిల్లలు. ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు బాలికల మరణాల తర్వాత 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. మరణాలకు టీకాయే కారణమని విచారణ తేల్చలేదు. కానీ అనుమతి తీసుకున్న తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అనేది వేరే చర్చ. గ్రాంటు ఎవరి చేతిలో ఉంది, శరీరం ఎవరిది అన్నది ఇక్కడి పాఠం. నిధుల నిర్ణయంలో మన మాట లేని పరిశోధనలో మనం నమూనాలుగానే మిగులుతాం.

మరి మన చేతిలో ఏముంది? చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో దళిత సంఘాల పోరాటంతో 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. రాష్ట్ర జనాభాలో ఎస్సీలు 15.45 శాతం, ఆ మేరకు నిధుల్లో వాటా రావాలి. ఖర్చు కాని సొమ్ము తర్వాతి ఏడాదికి వెళ్లాలి. ఏ కార్పొరేట్ దాత ఇచ్చేదానికన్నా పెద్ద గ్రాంటు ఇదే, పైగా ఇది దానం కాదు, వాటా. చిక్కంతా లెక్క చూపడంలో ఉంది. అందరికీ కట్టిన రోడ్డులోనూ భవనంలోనూ మన వాటా ఉందని కాగితం మీద రాసేస్తే ఆ వాటా ఖర్చయినట్టే. పల్లెలో వాడ విడిగా ఉంటుంది కాబట్టి అక్కడ ఏం చేశారో అడగొచ్చు. ఎల్బీనగర్ లాంటి చోట దళిత కుటుంబాలు అద్దె గదుల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. వాళ్ల పేరు మీద ఖర్చయింది ఎక్కడికి పోయిందో వెతకడం ఇంకా కష్టం.

అందుకే పని కింది నుంచి మొదలవ్వాలి. జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ కింద 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి, దానికి ఏటా 5,000 రూపాయల నిధి రావాలి. మీ బస్తీలో ఆ సమితి ఉందా, అందులో సఫాయి పనిచేసే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో ఆశా కార్యకర్తను అడగండి. కోఠిలో ఉస్మానియా మెడికల్ కాలేజీకి కమ్యూనిటీ మెడిసిన్ విభాగం ఉంది. మన సంఘాలు ఇంటింటి వివరాలతో వెళ్లి కలిస్తే, దరఖాస్తు వాళ్ల పేరున వెళ్లినా ప్రశ్న మనదవుతుంది. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, ఫలితాలు ముందు బస్తీలో చెప్పాలి అనే షరతులు మొదటి రోజే పెట్టాలి.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటే. ప్రత్యేక అభివృద్ధి నిధి కింద ఆరోగ్య శాఖ చూపిన ఖర్చులో ఎల్బీనగర్ సర్కిళ్ల పారిశుధ్య కార్మికుల వైద్య పరీక్షలకు ఎంత పోయింది? సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ‘సున్నా’ అని జవాబు వస్తే, వచ్చే బడ్జెట్ నాటికి మన డిమాండ్ ఏమిటో ఆ కాగితమే చెబుతుంది.