వాగ్దానాల పెట్టెలో లేని వాగ్దానం



డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు తీసుకోవడం మన తెలుగు సంఘాల్లో ఆనవాయితీ. పెట్టెలో చెయ్యి పెట్టి ఒక కార్డు తీస్తాం. అది సంవత్సరమంతా ఇంటి గోడ మీద ఉంటుంది. నిన్ను తలగా నియమిస్తానన్న మాట, సరిహద్దులు పెంచుతానన్న మాట, శత్రువులు చూస్తుండగా భోజనం సిద్ధపరుస్తాడన్న మాట ఆ కార్డుల్లో ఉంటాయి. అన్నీ దేవుని మాటలే. వాటిని మేము తక్కువ చేయడం లేదు. అయితే రెండవ తిమోతి 3:12 ఉన్న కార్డు మీలో ఎవరికైనా వచ్చిందా? క్రీస్తులో భక్తిగా బతకాలని నిర్ణయించుకున్న వారెవరికీ హింస తప్పదని పౌలు అక్కడ రాశాడు. యోహాను 15:20 వచ్చిందా? మత్తయి 5:11 వచ్చిందా? రావు. ఆ కార్డులను పెట్టెలో వేసేవారే లేరు.

అవి కూడా వాగ్దానాలే కదా! ప్రభువు స్వయంగా ఇచ్చిన మాటలే కదా! మరి వాటిని ఎందుకు దాచారు? దాచడం వల్ల ఎవరికి నష్టం జరిగింది? ఈ రోజు మేము మాట్లాడదలచింది దీని గురించే.

నష్టం ఎవరికో చెబుతాం. ఉపాధి హామీ పనిలో గట్టు మీద కూర్చుని సద్ది విప్పి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంది ఒక చెల్లెమ్మ. పక్కనున్న నలుగురు "అల్లేలూయా" అంటూ వెక్కిరిస్తారు. హైదరాబాదు హాస్టల్లో ఒక తమ్ముడు ఆదివారం ఉదయం బైబిలు సంచిలో పెట్టుకుని బయలుదేరుతుంటే గదిలోవాళ్లు "గొర్రెబిడ్డ బయలుదేరింది" అంటారు. ఒక ఇంట్లో కుదిరిన సంబంధం, వీళ్లు చర్చికి వెళ్తారని తెలిసి తప్పిపోతుంది. ఇంకో ఊళ్లో పొలం పనికి పిలవడం మానేస్తారు. ఇలాంటి వారు ఆదివారం నాడు గుండె బరువుతో వచ్చి కూర్చుంటే, మైకులో ఏం వినిపిస్తుంది? "నీకు విశ్వాసముంటే నిన్ను నిందించిన నోళ్లు మూతపడతాయి, ఈ నెలాఖరులోగా నీ అవమానం పోతుంది" అని వినిపిస్తుంది. నెలాఖరు వస్తుంది. అవమానం పోదు. అప్పుడా చెల్లెమ్మ ఏమనుకోవాలి? తన విశ్వాసం చాలలేదనుకుంటుంది. బయటివాళ్లు నవ్వినందుకు ఒక బాధ, లోపలివాళ్లు నేరం మోపినందుకు రెండో బాధ.

యోబు స్నేహితులు చేసింది కూడా ఇదే. బూడిదలో కూర్చున్నవాడి దగ్గరకు వెళ్లి, నీలో ఏదో లోపముందన్నారు. ఆ గ్రంథం చివరి అధ్యాయంలో దేవుని కోపం ఎవరి మీద రగిలిందో చదువుకోండి. యోబు మీద కాదు, ఓదార్చడానికి వచ్చిన ఆ పెద్దమనుషుల మీద. కాబట్టి మేము కుండబద్దలు కొట్టి చెబుతున్నాం. అవమానం తీసేస్తానని మాత్రమే చెప్పి, అవమానంలో నిలబడడం నేర్పని బోధ అపొస్తలుల బోధ కాదు. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో దెబ్బలు తిని బయటికి వచ్చిన అపొస్తలులు సంతోషిస్తూ వెళ్లారు. నేటి ప్రసంగీకులు కొందరు ఆ వాకిట్లో నిలబడి ఉంటే, మీ మీద ఏ శాపముందో చూసి విడగొడతామని వాళ్లను ఆపేసి ఉండేవారేమో!

నవ్వు కొత్తది కాదు, ప్రియులారా. రోము నగరంలో పాలటీన్ కొండ మీద పాత రాజభవనపు కట్టడాల్లో 1857లో ఒక గోడ బయటపడింది. దాని మీద ఎవరో గీసిన బొమ్మ ఉంది. గాడిద తల ఉన్న మనిషి సిలువ మీద వేలాడుతుంటాడు. కింద ఒక యువకుడు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. అలెక్సామెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడని పక్కన గ్రీకులో గీకి ఉంది. అది సుమారు 1800 ఏళ్ల నాటిదని పండితుల అంచనా. సిలువను చూపించే అతి పాత బొమ్మల్లో అదొకటి, అది కూడా వెక్కిరింత కోసం గీసింది! నేడు ఫోన్లలో తిరిగే బొమ్మలకూ దానికీ తేడా ఏముంది? ఆ గోడకు దగ్గరలోని మరో గదిలో లాటిను భాషలో ఇంకో రాత దొరికింది. అలెక్సామెనోస్ నమ్మకమైనవాడని దాని అర్థం. ఎగతాళి చేసినవాడి పేరు మిగల్లేదు. ఎగతాళికి గురైనవాడి పేరు మాత్రం నమ్మకత్వంతో కలిసి మిగిలింది.

"గొర్రె" అంటే మనం ఎందుకు ఉలిక్కిపడాలి? ఆ పేరు మనకు పెట్టింది వాళ్లు కాదు. యోహాను 10వ అధ్యాయంలో మంచి కాపరి తానే ఆ పేరుతో మనల్ని పిలిచాడు. వాళ్లు తిట్టుగా వాడుతున్నది మన కాపరి ముద్దుగా పిలిచిన పేరును!

ఇక మనవాళ్లను ఎక్కువగా గుచ్చే మాట మరొకటి ఉంది. "బియ్యం కోసం మారారు, డబ్బుల కోసం మారారు." ఈ మాటకు మన నేల మీదే జవాబుంది. 1860లలో ఒంగోలు ప్రాంతంలో తోళ్ల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య ప్రభువును నమ్మాడు. ఆయన సాక్ష్యం వల్ల మాదిగ పేటల్లో అనేకులు నమ్మారు. ఆ కొత్త విశ్వాసులు మూడు నియమాలు పట్టుకున్నారు. చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ ఊరి పెత్తనం కింద బతికే కూలివాడు "ఈ రోజు పనికి రాను" అనడం ఆ రోజుల్లో ఎంత మాట! పెద్దల కోపానికి గురయ్యారు, వెలి అనుభవించారు. లాభం కోసం వచ్చినవారైతే అప్పుడే వెనక్కి పోయేవారు.

తరువాత 1876-78 కరవు వచ్చింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో దాదాపు మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికేలా చేశాడు. అన్నం ఆయన చేతిలో ఉంది. బాప్తిస్మం అడిగేవారు గుంపులుగా ఉన్నారు. ఆయన ఏం చేశాడు? కరవు సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక, ఇక పెట్టడానికేమీ లేదని చెప్పాక కూడా జనం వెనక్కి పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నిందకు జవాబు గొంతు పెంచి చెప్పలేదు, నడతతో చెప్పారు.

నేటి లెక్క కూడా చూడండి. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారిని మన తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సిగా లెక్కించి 1 శాతం రిజర్వేషన్‌లో ఉంచారు. అంటే పేటలో పుట్టిన బిడ్డ కాగితం మీద క్రీస్తు పేరు ఒప్పుకుంటే పోగొట్టుకునేదే ఎక్కువ. "లాభం కోసం మారారు" అనేవారిని ఏ లాభమో చూపించమనండి. ఈ భారం మోయలేక నలిగిపోతున్న కుటుంబాలను పుల్పిట్ మీద నుంచి ఎగతాళి చేసే బోధకులకూ ఒక మాట. వాళ్ల బిడ్డ ఫీజు మీరు కడతారా? కట్టలేనప్పుడు వాళ్లతో కలిసి కన్నీళ్లు పెట్టుకోండి, దేవుని యెదుట సత్యంగా నడిచే ధైర్యం కోసం కలిసి ప్రార్థించండి. రాళ్లు మాత్రం వేయకండి.

ఇప్పుడు మనవైపుకు తిరుగుదాం. మొదటి పేతురు 4వ అధ్యాయం 14 నుండి 16 వచనాలు తెరవండి. క్రీస్తు నామం కోసం నిందపడితే ధన్యులని చెప్పిన పేతురే, మరుక్షణం ఒక కంచె వేశాడు. దొంగగానో, హంతకుడిగానో, పరుల పనుల్లో తలదూర్చేవాడిగానో బాధపడితే అది క్రీస్తు కోసం కాదన్నాడు. కాబట్టి జనం నవ్విన ప్రతిసారీ మనం హతసాక్షుల వరుసలో నిలబడలేం. తెల్లవారుజామున నాలుగు గంటలకు మైకు పెట్టి, పరీక్షలకు చదువుకునే పిల్లల్ని, జ్వరంతో పడుకున్న ముసలమ్మను లేపితే వచ్చే తిట్లు సిలువ నింద కాదు. చీటీ డబ్బులు ఎగ్గొట్టినవాడిని నలుగురూ నిలదీస్తే అది శ్రమ కాదు, అప్పు. నూనె సీసాలు అమ్ముకునే స్వస్థత కూటాలను చూసి లోకం నవ్వితే, ఆ నవ్వులో కొంత న్యాయముంది.

పొరుగువారి దేవుళ్లను మైకులో తిట్టి, వాళ్లు తిరగబడితే "హింస" అనడం కూడా ఇదే కోవలోది. ఎఫెసులో అంత అల్లరి జరిగినప్పుడు, ఆ పట్టణపు కరణమే లేచి, వీరు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించినవారూ కారు అని జనానికి చెప్పాడు. అపొస్తలుల కార్యములు 19:37. సువార్త చెప్పడంలో పౌలు ఎక్కడా తగ్గలేదు. అయినా పరాయివాడు సాక్ష్యమిచ్చేంత శుభ్రంగా ఉంది ఆయన నోరు. మన గురించి మన ఊరి సర్పంచి ఆ సాక్ష్యం ఇవ్వగలడా?

వాట్సాప్‌లో ఎవరో మన ప్రభువును ఎగతాళి చేస్తే, మన యువకులు దానికి పదింతలు ఘాటుగా తిరిగి పంపి, "ప్రభువు కోసం పోరాడాం" అంటున్నారు. ఎవరి కోసం పోరాడారు, తమ్ముడూ? తనను దూషించినవారిని తిరిగి దూషించని ప్రభువు కోసమా? గెలిచింది మన రోషం, ఓడింది మన సాక్ష్యం.

అయితే ఓర్చుకోవడమంటే నోరు కట్టేసుకోవడమని ఎవరూ అనుకోవద్దు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి, మరునాడు రహస్యంగా పంపించేద్దామనుకున్న అధికారులతో పౌలు, మీరే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లండని పట్టుబట్టాడు. నచ్చిన మతాన్ని నమ్మి, ఆచరించి, ప్రకటించుకునే హక్కును మన రాజ్యాంగం 25వ అధికరణంలో ఇచ్చింది. నవ్వితే ఓర్చుకోండి. కొడితే, నీళ్లు ఆపితే, ఆరాధన అడ్డుకుంటే నలుగురు పెద్దలతో కలిసి వెళ్లి ఫిర్యాదు ఇవ్వండి. పగ పెట్టుకోకుండా న్యాయం అడగడం విశ్వాసానికి విరుద్ధం కాదు.

చివరగా, ఈ శ్రమ ఒక్కరు మోసేది కాదు. హెబ్రీయులకు 10:33 చూడండి. ఆ విశ్వాసుల్లో కొందరు తామే నిందపడ్డారు, మరికొందరు అలా నిందపడినవారితో పాలివారయ్యారు. ఈ రెండో పని మన సంఘాల్లో తగ్గిపోయింది. "మీ కోసం ప్రార్థిస్తున్నాం" అని మెసేజ్ పెట్టి ఊరుకుంటున్నాం. ఒక ఇంటికి నీళ్లు ఆపితే మన బిందెలు ఆ ఇంటికి నడవాలి. ఒకరికి కూలి పోతే ఆ వారం బియ్యం మన ఇళ్ల నుంచి వెళ్లాలి. సంబంధం తప్పిన అమ్మాయికి కట్నం అడగకుండా ముందుకొచ్చే యువకుడు మన యవ్వనస్థుల కూటంలో ఉండాలి. పని గట్టు మీద ఆ చెల్లెమ్మ ఒంటరిగా కళ్లు మూసుకోకూడదు, పక్కన ఇంకో విశ్వాసి కూర్చోవాలి. ఇద్దరిని చూసి నవ్వడం ఒకరిని చూసి నవ్వినంత సులువు కాదు.

మన ప్రభువు ఊరి గవిని వెలుపల సిలువ మోశాడు. దారిన పోయేవారు తలలూపి నవ్వారు. ఆ నవ్వులు ఆయన్ని సిలువ మీద నుంచి దించలేకపోయాయి. ఆ నవ్వుల మధ్యే మన రక్షణ సంపూర్ణమైంది. ఆయన నింద మోస్తూ పాళెం బయటికి, ఆయన దగ్గరికి వెళ్దామని హెబ్రీ పత్రిక పిలుస్తోంది. అక్కడ మనం ఒంటరివాళ్లం కాదు. ఆయన ముందే అక్కడున్నాడు.

నిందలో ఉన్న ప్రతి ఇంటికీ ప్రభువు సమాధానము తోడై యుండును గాక. నిందించేవారి కోసం కూడా ఈ రాత్రి మోకరించి, పేరు పెట్టి ప్రార్థించే కృప మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.