కార్డు గంజి కాచదు

ఈ శీర్షికలో మామూలుగా పండుగలు, పాత జ్ఞాపకాలు రాస్తుంటాను. ఈసారి విషయం కొంచెం బరువైనది. ఇందులో నా తప్పు కూడా ఉంది, ముందే ఒప్పుకుంటున్నాను.

ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా దేశంలో 2018లో మొదలైనా, మా ఒడిశాలో అమలులోకి వచ్చింది మాత్రం 2025 ఏప్రిల్‌లో. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి ఖర్చు భరించే 'వయ వందన' కార్డు కూడా అలాగే అందింది. ఆ కార్డుతో వేరే రాష్ట్రంలోనైనా సరే, పథకంలో చేరిన ఆసుపత్రికి వెళ్లవచ్చు. బరంపురం తెలుగువాళ్లకు ఇది ఎంత మేలో వేరే చెప్పాలా? పెద్ద జబ్బు చేస్తే మేము రైలెక్కేది విశాఖపట్నానికే కదా!

వెంటనే మా సంఘం తరఫున ఒక ఆదివారం కార్డుల శిబిరం పెట్టాం. పెద్దవాళ్లు ఆధార్ పట్టుకుని పొద్దున్నే వచ్చేశారు. అందరికీ ఉప్మా, కాఫీ ఇచ్చాం. చివర్లో కార్డులు చూపిస్తూ ఫోటో దిగాం. ఆ ఫోటోలో ముందు వరుసలో నవ్వుతూ కూర్చున్నది మా వీధి పిన్నిగారు. వయసు 76. బాబాయిగారు పోయి చాలా ఏళ్లయింది. ఒక్కడే కొడుకు, సూరత్‌లో మిల్లు ఉద్యోగం.

రెండు నెలలకు పిన్నిగారు పెరట్లో జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. కొడుకు పరుగున వచ్చి విశాఖ తీసుకెళ్లాడు. ఆపరేషన్ బాగా జరిగింది. పైసా కట్టలేదు. మేమంతా ఎంత పొంగిపోయామో! "చూశారా మన శిబిరం ఫలితం" అని నేనే నలుగురితో చెప్పుకున్నాను.

కొడుకు సెలవు అయిపోయి సూరత్ వెళ్లిపోయాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక 15 రోజుల మందులు పథకంలోనే వస్తాయి. పదహారో రోజు నుంచి ఎవరు కొనాలి? రోజూ పట్టుకుని నాలుగడుగులు వేయించమన్నారు డాక్టరుగారు. ఎవరు వేయిస్తారు? పొయ్యి దగ్గర నిలబడలేని మనిషికి ఎవరు వండి పెడతారు? ఈ ప్రశ్నలు మాకెవరికీ తట్టలేదు. ఒకరోజు పాలబ్బాయి వచ్చి, "మామ్మగారు మూడు రోజులుగా తలుపు తీయడం లేదండీ" అని చెప్పాడు. వెళ్లి చూస్తే మంచం మీద నీరసంగా పడి ఉన్నారు. వీపున పుళ్లు పడ్డాయి. మళ్లీ ఆసుపత్రిలో చేర్చాం.

నన్ను చూసి ఆవిడ ఒకటే మాట అన్నారు. "కార్డు మంచిదే నాయనా. కానీ కార్డు గంజి కాచదు కదా!"

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. తప్పు పథకానిది కాదు. అది ఆసుపత్రి ఖర్చు కోసం పెట్టింది, ఆ పని చేసింది. ఆసుపత్రిలో సహాయం చేయడానికి ఆరోగ్య మిత్ర ఉంటారు. వారి పని ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోతుంది. గేటు నుంచి ఇంటి మంచం దాకా ఉన్న దారి మనది. మనం అక్కడ లేము.

ఈ దారిని గుర్తించినవారు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మహిళా సంఘాల జిల్లా సమాఖ్యలను సంప్రదించి ఆరోగ్య మిత్రలను నియమించారు. పల్లె గురించి తెలిసిన సంఘం, డబ్బు కట్టే పథకం చేతులు కలపడమన్నమాట. 2019లో అదే రాష్ట్రంలో ఆపరేషన్ అయి ఇంట్లో కోలుకుంటున్న రోజులకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చే పద్ధతి కూడా పెట్టారు.

అమెరికాలోని నార్త్ కరోలినాలో ఇంకొక అడుగు ముందుకు వేశారు. అక్కడ పేదవారి ప్రభుత్వ బీమా పేరు మెడికెయిడ్. 2022 మార్చి నుంచి మూడు ప్రాంతాలలో, ఆ బీమా డబ్బుతోనే స్థానిక సేవా సంస్థలు రోగుల ఇళ్లకు కూరగాయలు, సరుకులు పంపాయి, డాక్టరు దగ్గరకు వాహనం ఏర్పాటు చేశాయి, ఇంటి మరమ్మతులు చేయించాయి. ఏ సేవకు ఎంత అని ముందే ధర నిర్ణయించారు. వైద్య ఖర్చు తగ్గిందని లెక్కలు కూడా తేలాయి. అయినా రాష్ట్ర బడ్జెట్‌లో డబ్బు కేటాయించకపోవడంతో 2025 జూలై 1న సేవలు ఆగిపోయాయి. సంస్థలు నమ్ముకున్న మనుషులను, వండిన వంటను ఏం చేయాలి? అందుకే నేననేది, ప్రభుత్వ డబ్బు వస్తే సంతోషంగా తీసుకుందాం, కానీ ఆ డబ్బు ఆగిన రోజున పిన్నిగారి గంజి ఆగకూడదు.

మేము ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, ఎవరైనా ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే రోజున ఇద్దరం వెళ్తున్నాం. డాక్టరుగారు చెప్పినవన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటిస్తున్నాం. నలభై రోజులు వంతులవారీగా భోజనం పంపుతున్నాం. పదహారో రోజు మందుల సంగతి చూడడం ఒకరి బాధ్యత. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లే ఆటో, రైలు ఖర్చులు సంఘం నిధి నుంచి ఇస్తున్నాం. ఈ ఏడాది దసరా మైకు సెట్టు ఖర్చు సగం తగ్గించాం. ఎవరూ నొచ్చుకోలేదు.

సోలాపూర్‌లో, బళ్లారిలో, హోసూరులో, యానాంలో ఉన్న మన సంఘాల పెద్దలకు నా మనవి ఒకటే. కార్డుల శిబిరం తప్పకుండా పెట్టండి. పథకం గురించి సందేహం ఉంటే 14555కు ఫోన్ చేయండి. కానీ కార్డు చేతికిచ్చేటప్పుడు ఆ మనిషి ఒంటరిగా ఉంటున్నారా అని కూడా అడిగి ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. మేము ఆ రోజు అడగలేదు.

పిన్నిగారు కోలుకున్నారు. చేతికర్ర పట్టుకుని గుమ్మం దాకా వస్తున్నారు, అంతకు మించి రాలేకపోతున్నారు. మొదటి నెలలోనే మేము వెళ్లి నాలుగడుగులు వేయించి ఉంటే గుడి దాకా నడిచేవారేమో. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ అనరు. నేనే అనుకుంటుంటాను.

మీ ఊళ్లో మీరేం చేస్తున్నారో రాయండి. వచ్చే సంచికలో కలుద్దాం.