ఆ రెండు మాత్రల భయం

'నెల తప్పిన సంగతి తెలీక మాత్రలు వేసుకున్నానండీ... బిడ్డకేమైనా అవుతుందా?' గర్భిణులను చూసే డాక్టర్లకు బాగా అలవాటైన ప్రశ్న ఇది. ఒకరు జలుబుకు వేసుకుంటారు, ఒకరు పంటి నొప్పికి, మరొకరు మొటిమలకు. చీటీ లేకుండానే మందులిచ్చే షాపులున్న చోట ఇందులో వింతేం లేదు. ఆ తర్వాత ఇంట్లో జరిగేదే వింత. కొందరు ఏకంగా గర్భం తీయించేద్దామంటారు. కొందరు ఏళ్లుగా వాడుతున్న థైరాయిడ్ మాత్రో, ఫిట్స్ మాత్రో ఆ పూటే మానేస్తారు. ఇంకొందరు 'ఉన్న టెస్టులన్నీ రాసెయ్యండి, తేలిపోతుంది' అంటారు. ఈ మూడింటిలో ఏదీ ఆ ప్రశ్నకు జవాబు కాదు.

భయం మాత్రం ఊరికే పుట్టలేదు. 1957లో పశ్చిమ జర్మనీ మార్కెట్లోకి థాలిడోమైడ్ అనే మందు వచ్చింది. హాయిగా నిద్రపడుతుందని, వేవిళ్లు తగ్గుతాయని వాడారు. చాలా సురక్షితమని ప్రచారం కూడా జరిగింది. తల్లులకు ఏమీ కాలేదు. పుట్టిన పిల్లలకే చేతులూ కాళ్లూ ఎదగలేదు. జర్మనీలో విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ అనే డాక్టర్లు మందుకూ ఈ లోపాలకూ లంకె పట్టుకున్నారు. 1961 నవంబరులో జర్మనీలో దాన్ని వెనక్కి తీసుకునే సరికి వివిధ దేశాల్లో వేలమంది పిల్లలు బలైపోయారు. మొత్తం లెక్క 10 వేలకు పైనే అంటారు. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి మాత్రం 'ఆధారాలు చాలవు' అంటూ కంపెనీ ఎంత ఒత్తిడి చేసినా సంతకం పెట్టలేదు. ఆ మొండితనం ఎన్ని ఇళ్లను కాపాడిందో!

థాలిడోమైడ్ నేర్పిన ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఏ మందు అన్నది ఎంత ముఖ్యమో, ఏ రోజున అన్నదీ అంతే ముఖ్యం. పిండం ఏర్పడ్డాక సుమారు 20 నుంచి 36 రోజుల మధ్య వేసుకున్న వారి పిల్లల్లోనే ఆ లోపాలు కనిపించాయి. అందుకే డాక్టరు ముందు క్యాలెండరు చూస్తారు. ఇక్కడో చిన్న మెలిక. గర్భం వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. అంటే 'అయిదో వారం' అన్నప్పుడు పిండం వయసు మూడు వారాలే. మొదటి రెండు వారాల్లో మందు దెబ్బ గట్టిగా తగిలితే అసలు గర్భమే నిలవదు. నిలిచిందంటే సాధారణంగా పిండం కోలుకున్నట్టే. కాబట్టి నెలసరి తేదీ రాకముందు వేసుకున్న చాలా మాత్రల గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఒంట్లో ఎక్కువ కాలం నిల్వ ఉండిపోయే కొన్ని మందులు దీనికి మినహాయింపు. అవయవాలు రూపుదిద్దుకునేది ఆ తర్వాతి ఆరు వారాల్లో. జాగ్రత్త ఎక్కువ కావాల్సింది అప్పుడే.

నిజంగా భయపడాల్సిన మందుల జాబితా జనం అనుకునేంత పొడవైనదేం కాదు. మొండి మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్, కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ వాడే మెథోట్రెక్సేట్, రక్తం పలచబడేందుకిచ్చే వార్ఫరిన్, ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్... ఇలాంటివి. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలను 20 వారాలు దాటాక వద్దని అమెరికా ఔషధ సంస్థ 2020లో హెచ్చరించింది. జ్వరానికి పారాసెటమాలే ఇప్పటికీ డాక్టర్ల మొదటి మాట. తొలి వారాల్లో జ్వరాన్ని ముదరనివ్వడమూ బిడ్డకు మంచిది కాదు మరి.

భయం అటు నుంచీ కాటేస్తుంది. వేవిళ్లకు బెండెక్టిన్ అనే మందు అమెరికాలో లక్షల మంది వాడారు. దానివల్లే లోపాలొచ్చాయంటూ కోర్టు కేసులు గుట్టలుపడ్డాయి. ఖర్చు భరించలేక 1983లో కంపెనీ తయారీ ఆపేసింది. ఆ తర్వాత లోపాలతో పుట్టే పిల్లల సంఖ్య తగ్గలేదు సరికదా, వాంతులతో ఆస్పత్రిపాలైన గర్భిణులు పెరిగారు. అదే కలయికతో ఉన్న మాత్రకు 2013లో మళ్లీ అనుమతి వచ్చింది. మన దగ్గర డాక్సినేట్ పేరుతో దొరికేదీ ఆ బాపతే.

ఇక టెస్టుల సంగతి. మూడో నెలలో చేసే ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ పరీక్షల్లో ముఖ్యంగా చూసేది డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ తేడాలకు అవకాశం ఎంత అని. ఆ తేడా చాలావరకు అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడే వస్తుంది. తర్వాతెప్పుడో వేసుకున్న యాంటీబయాటిక్‌కూ దానికీ సంబంధం లేదు. పైగా అవి తీర్పులు కావు, అంచనాలు. రిపోర్టులో '250లో 1' అని ఉంటే, అలాంటి 250 మంది తల్లుల్లో 249 మంది బిడ్డలకు ఆ సమస్య ఉండదని అర్థం. ఆ కాగితం చూసి ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టేవాళ్లు ఈ లెక్క చూడరు. ఖాయంగా తేలాలంటే ఉమ్మనీటి పరీక్ష లాంటిది చేయాలి.

మాత్రల దెబ్బ ఏమైనా ఉంటే కాస్తోకూస్తో పట్టించేది 18-22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్. గుండె, వెన్ను, పెదవి, చేతులూ కాళ్లూ అందులో కనిపిస్తాయి. అదీ అన్నీ పట్టుకోలేదు. రేపు బిడ్డ మాటలు ఎలా నేరుస్తాడో, చదువు ఎలా సాగుతుందో ఏ స్కానూ చెప్పదు. వాల్‌ప్రోయేట్‌తో అసలు చిక్కు అక్కడే. అది వాడిన తల్లుల పిల్లల్లో నూటికి సుమారు 10 మందికి పుట్టుకతో లోపాలు వస్తే, ఎదుగుదలలో సమస్యలు 30-40 మందిలో కనిపించాయి. అలాగని ఆ తల్లి తనంతట తాను మాత్ర ఆపేస్తే ఫిట్స్ వచ్చి ఇద్దరి ప్రాణాలకూ ముప్పు. మందు మార్చాలంటే పెళ్లి కుదిరినప్పుడే, కనీసం పిల్లలు కావాలనుకున్నప్పుడే న్యూరాలజిస్టును కలవాలి. పెళ్లిచూపుల్లో దాచిపెట్టిన జబ్బు అత్తారింట్లో దాచిపెట్టిన మాత్రగా మారే మన ఇళ్లలో ఇదెంత కష్టమో చెప్పనక్కర్లేదు.

థైరాయిడ్ మాత్రదీ అలాంటి కథే. గర్భం నిలిచాక ఆ మాత్ర మోతాదు చాలామందిలో పెంచాల్సి ఉంటుంది. తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం మరి. ఫోలిక్ యాసిడ్ అయితే గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. వెన్నుపాము గొట్టం 28 రోజులకే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికింకా సంగతే తెలీదు.

ఏ మందూ వాడని తల్లుల్లోనూ నూటికి ఇద్దరు ముగ్గురు బిడ్డలు ఏదో ఒక పెద్ద లోపంతో పుడతారు. పెదవి చీలి పుడితే 'గ్రహణం మొర్రి' అని పేరుపెట్టి, గ్రహణం నాడు బయటికొచ్చిందని తల్లినే తప్పుపట్టారు పాతకాలం వాళ్లు. ఇప్పుడు గ్రహణం చోటులోకి మాత్ర వచ్చింది. తప్పు మోసేది మాత్రం మళ్లీ ఆమే.

మాత్ర వేసుకున్న అనుమానం ఉంటే చేయాల్సింది చిన్న పనే. ఖాళీ అయిన మాత్రల షీటును పారేయకుండా దాచి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, రోజుకెన్ని వేసుకున్నదీ కాగితం మీద రాసుకుని, చివరి నెలసరి తేదీతో సహా డాక్టరుకు చూపించాలి. 'ఏదో ఎర్ర మాత్రండీ' అంటే మాత్రం ఎంత పెద్ద డాక్టరైనా ఏమీ చెప్పలేరు.