బహుమతిగా వచ్చిన ప్రధాని

2021 సెప్టెంబరులో ట్యునీషియాలో నజ్లా బూదెన్ ప్రధానమంత్రి అయినప్పుడు, అరబ్బు దేశాల్లో తొలి మహిళా ప్రధాని అంటూ మా సంఘం సమావేశంలో చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ చప్పట్లకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆమెను నియమించిందెవరు? అంతకు రెండు నెలల ముందు, జూలై 25న, ఉన్న ప్రధానిని తొలగించి పార్లమెంటును స్తంభింపజేసిన అధ్యక్షుడు కైస్ సయీద్. ఆయన ఒకప్పుడు రాజ్యాంగ న్యాయశాస్త్రం బోధించిన అధ్యాపకుడు కూడా! 2014 రాజ్యాంగంలోని 80వ అధికరణాన్ని చూపించి ఈ పని చేశాడు. అదే అధికరణం అత్యవసర పరిస్థితిలో పార్లమెంటు నిరంతరం సమావేశంలో ఉండాలంటుంది. ఆయనేమో సభ గేటు ముందు సైనిక వాహనం నిలబెట్టించాడు. ఇది తప్పని చెప్పాల్సిన రాజ్యాంగ న్యాయస్థానం అసలు లేనే లేదు. ఏడేళ్లపాటు పార్టీలు బేరాలాడుకుంటూ దాన్ని ఏర్పాటు కానివ్వలేదు. వాటినీ క్షమించలేం.

"పోతే పోనీ, మతవాదుల పార్లమెంటే కదా" అన్నారు కొందరు మిత్రులు. ఎన్నహ్దా పార్టీని నేనూ నమ్మను. కుటుంబంలో స్త్రీ పురుషుడికి పూరకం అన్న మాటను 2012లో రాజ్యాంగ ముసాయిదాలోకి తెచ్చినప్పుడు బలపరిచింది ఆ పార్టీయే. కానీ ఆ మాటను తీయించింది ఏ అధ్యక్షుడూ కాదు, ఆగస్టు 13న ట్యూనిస్ వీధుల్లోకొచ్చిన వేలాది స్త్రీలు. వాదించడానికి ఒక సభ ఉంది కనకనే, ఎన్నికయ్యే సభల్లో స్త్రీలకు సమాన స్థానం కోసం రాజ్యం కృషి చేయాలన్న 46వ అధికరణం సాధ్యమైంది.

సయీద్ ఏం చేశాడు? 2022 సెప్టెంబరులో ఒక్క డిక్రీతో ఎన్నికల చట్టం మార్చేశాడు. అభ్యర్థుల జాబితాలో స్త్రీ, పురుషుడు ఒకరి తర్వాత ఒకరు ఉండాలన్న నియమం పోయింది. అభ్యర్థికి 400 మంది మద్దతు సంతకాలు కావాలట, వాటిలో సగం స్త్రీలవి! సంతకం పెట్టడానికి స్త్రీలు కావాలి, సభలో కూర్చోవడానికి అక్కర్లేదు. 2014లో 217 మందిలో 68 మంది స్త్రీలు గెలిచిన దేశంలో, కొత్త సభకు ఎన్నికైన 154 మందిలో స్త్రీలు 25 మందే. బూదెన్‌ను 2023 ఆగస్టులో కారణమైనా చెప్పకుండా తీసేశారు.

మనకిది తెలియని సంగతా? 1975లో మన హక్కులు రద్దయినప్పుడు ప్రధాని పీఠం మీద ఉన్నది స్త్రీయే.

2024 మేలో, టెలివిజన్‌లో దేశ పరిస్థితి మీద వ్యంగ్యంగా మాట్లాడినందుకు న్యాయవాది సోనియా దహ్మానీని న్యాయవాదుల సంఘం భవనంలోకి చొరబడి పోలీసులు లాక్కుపోయారు. ఆమె కోసం మా సంఘం ఒక్క తీర్మానమైనా చేయలేదు.